గోడ మనదే, ఎలుక వీధిది

ప్రశ్న

అయ్యా, మాది బరంపురం, పాత ఊరి వైపు. ఇల్లు బారుగా లోపలికి పోతుంది. రెండు వైపులా గోడలు పక్కిళ్ళతో ఉమ్మడి. ముందు భాగం స్లాబు, వెనక వంటిల్లు పెంకు, ఆ వెనక చిన్న జాగా, అక్కడే బాత్‌రూము. నేనూ మా అత్తగారూ ఇంట్లోనే అప్పడాలు, వడియాలు చేసి దుకాణాలకి వేస్తాం. ఆరు నెలలుగా ఎలుకలతో పడలేకపోతున్నాం. మినపపిండి సంచి కొరికేశాయి. బీరువా కింది అరలో ఉన్న నా పెళ్ళి పట్టుచీర కొంగు దగ్గర చిల్లులు పడింది. మొన్న గ్యాస్ పొయ్యి వెనక రబ్బరు పైపు మీద పంటి గాట్లు కనిపించాయి. రాత్రి పూట ఒకటి, పిల్లికూనంత ఉంటుంది, బాత్‌రూము తూములోంచి వస్తోంది. ఇంకోటి కీచుకీచుమంటూ గోడ వారనే పరిగెడుతుంది, ఒకటే కంపు. మా ఆయన ఏదో శబ్దం చేసే మిషను తెప్పించారు. వారం రోజులు పనిచేసినట్టే ఉంది, తర్వాత మామూలే. బజారులో దుకాణదారు ఒక పేస్టు ట్యూబు ఇచ్చి బిస్కట్టు మీద రాసి పెట్టమన్నాడు. వినాయకుడి వాహనాన్ని చంపడమేమిటని అత్తగారు ఒప్పుకోవడం లేదు. పక్కింటావిడ కలరా ఉండలు చల్లమంటోంది. ఇంట్లో తొమ్మిది నెలల పాప ఉంది, పాకుతోంది. ఏం చెయ్యమంటారు?

(పేరు వద్దన్నారు, బరంపురం)

జవాబు

అమ్మా, మిగతాది నిదానంగా చదువుదురు గాని, ముందు లేచి రెండు పనులు చెయ్యండి.

ఒకటి, ఆ పేస్టు ట్యూబు. బిస్కట్టు మీద ఇంకా రాయలేదు కదా? రాస్తే ఆ బిస్కట్టు ఎక్కడుందో వెతికి తియ్యండి. మన బజార్లలో ట్యూబుల్లో దొరికే ఎలుకల పేస్టులు చాలావరకు పసుపు భాస్వరంతో చేసినవి. పాకే పాప చేతికి బిస్కట్టు దొరికితే ఎటు పోతుందో నేను చెప్పక్కర్లేదు. దీంతో ఇంకో చిక్కుంది. తిన్న రోజు వాంతులు, కడుపునొప్పి ఉంటాయి. తర్వాత ఒకటి రెండు రోజులు మనిషి తేరుకున్నట్టే కనిపిస్తాడు. ఇంటివాళ్ళు గండం గడిచిందనుకుంటారు. ఆ తర్వాత కాలేయం చెడిపోతుంది. దీనికి విరుగుడు మందు లేదు. ఎప్పుడైనా, ఎవరైనా, నాలుక్కి తగిలిందన్న అనుమానం వచ్చినా సరే, ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నాలు చేస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యండి, లేదా నేరుగా ఎంకేసీజీ ఆసుపత్రికి పొండి. ట్యూబు కూడా పట్టుకెళ్ళండి, డాక్టరు అందులో ఏముందో చూడాలి. దుకాణదారు వెనక్కి తీసుకుంటే ఇచ్చెయ్యండి. తీసుకోకపోతే మూత బిగించి, రెండు కవర్లలో కట్టి, పాపకీ పశువులకీ అందకుండా చెత్తబండి మనిషికి ఇదిగో విషం అని చెప్పి మరీ అప్పజెప్పండి. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే.

రెండోది ఆ గ్యాస్ పైపు. పంటి గాట్లు పడ్డ పైపుకి టేపు చుట్టి వాడకండి. ఇవాళే మార్చండి. గ్యాస్ ఏజెన్సీలో సురక్ష పైపు అని దొరుకుతుంది. లోపల ఉక్కు తీగ అల్లి ఉంటుంది కాబట్టి ఎలుక పంటికి తొందరగా లొంగదు. ఐదేళ్ళకి మార్చాలి, తేదీ పైపు మీదే వేసి ఉంటుంది. పడుకోబోయే ముందు రెగ్యులేటరు కట్టెయ్యడం అలవాటు చేసుకోండి. రాత్రి ఎప్పుడైనా గ్యాస్ వాసన వస్తే లైటు వెయ్యకండి, ఉన్న లైటు ఆర్పకండి, తలుపులు తెరిచి పాపతో బయటికి వచ్చి 1906కి ఫోన్ చెయ్యండి.

ఈ రెండూ అయ్యాయా? ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

నేను మున్సిపాలిటీల్లో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయినవాణ్ణి. ఎలుకల ఫిర్యాదు రాని నెల నా సర్వీసులో లేదు. నాకు తెలిసి జనం చేసే మొదటి పొరపాటు, వచ్చింది ఏ జంతువో చూడకుండానే మందు కొనడం. మీ ఉత్తరం చూస్తే మీ ఇంట్లో ఒకటి కాదు, మూడు రకాలు తిరుగుతున్నాయి.

తూములోంచి వచ్చే పిల్లికూనంతది పందికొక్కు. ఇంగ్లీషువాడి ‘బ్యాండికూట్’ అన్న మాట మన తెలుగు పందికొక్కులోంచి పుట్టిందే. మనం ప్రపంచానికి ఇచ్చిన మాటల్లో ఇదొకటి, గర్వపడాలో లేదో మీ ఇష్టం. ఇది గోడలెక్కి అటకల మీద తిరగడం తక్కువ. నేలలో బొరియలు తవ్వుతుంది, మురుగు కాలవల వెంబడి వస్తుంది. మీ వెనక జాగాలో, కాలవ గట్టున, గోడ మొదట్లో తాజా మట్టి కుప్పలు కనిపిస్తే అవి దీని పనే. పునాది కింద మట్టి తోడేస్తుంది కాబట్టి పాత గోడలకి దీనివల్ల నష్టం ఎక్కువ.

మీ బీరువాలో దూరినది ఇంటి ఎలుక. సన్నగా, ఒంటి కన్నా తోక పొడుగ్గా ఉంటుంది. పెంకులు, దూలాలు, కరెంటు తీగలు, ఇవన్నీ దానికి రోడ్లు. మీది స్లాబు, పెంకు కలిసే ఇల్లన్నారు కదా, ఆ రెండూ కలిసే చోట సందు ఉండి తీరుతుంది. రాత్రి టార్చి వేసి చూడండి, గోడ మీద జిడ్డుగా నల్లటి చార కనిపిస్తుంది. దాని ఒంటి నూనె రోజూ అదే చోట రాసుకుని పడ్డ చార అది.

ఇక కీచుకీచుమంటూ, కంపు కొడుతూ, గోడ వారనే పోయేది చుంచు. మూతి పొడుగ్గా, కళ్ళు చిన్నగా ఉంటాయి. దీన్ని అందరూ ఎలుకల్లో కలిపేస్తారు గానీ ఇది ఎలుక జాతిది కాదు. పళ్ళతో కొరికి సంచులకి చిల్లులు పెట్టే రకం కాదు, బొద్దింకలూ పురుగులూ తిని బతికేది. కంపు కొడుతుంది, నిజమే. పిండిలో తిరిగితే అది కూడా అసహ్యమే. అయినా మీ నష్టానికి కారణం ఇది కాదు. ఎలుకల కోసం మందు పెడితే ముందుగా చచ్చేది చాలాసార్లు ఇదే, మర్నాటి నుంచి బొద్దింకలు పెరుగుతాయి. దీనికి బాత్‌రూము తూము మూస్తే చాలు.

నా మాట మీద నమ్మకం లేకపోతే ఒక రాత్రి ముగ్గుపిండి తీసుకుని బీరువా పక్కన, పొయ్యి గట్టు మీద, బాత్‌రూము గుమ్మం దగ్గర, వంటింటి మూలల్లో పల్చగా చల్లండి. ముగ్గు వెయ్యకుండా ఉత్తినే పొర చల్లినట్టు. పొద్దున్న పాప లేవకముందే చూడండి. పాదాల గుర్తులు, మధ్యలో తోక ఈడ్చిన గీత, ఎటు నుంచి వచ్చి ఎటు పోయిందో అంతా రాసి ఉంటుంది. ఆ గుర్తులు పోయిన ప్రతి కన్నంలోనూ నలిపిన న్యూస్‌పేపరు కుక్కండి. రెండు మూడు రోజుల్లో కాగితం బయటికి నెట్టేసి ఉంటే అది వాడుకలో ఉన్న దారి. కదలకపోతే పాత కన్నం. పెంటికలు కూడా చూసుకోండి. జీలకర్ర గింజంత ఉంటే చిట్టెలుక, రెండు కొసలూ కూసుగా సెంటీమీటరు పైన ఉంటే ఇంటి ఎలుక, అంతకన్నా లావుగా గొట్టంలా ఉంటే పందికొక్కు.

దారులు తెలిశాక మూసే పని. మీ డబ్బు, మీ ఓపిక ఎక్కువ పెట్టాల్సింది ఇక్కడే. చిట్టెలుక మన పెన్సిలు దూరే సందులోంచి దూరిపోతుంది, అంటే 6 మిల్లీమీటర్లు. ఎలుకకి అరంగుళం, ఒక 12 మిల్లీమీటర్లు చాలు. తల దూరితే ఒళ్ళు దూరినట్టే. అందుకని ‘ఇంత చిన్న సందులోంచి ఏం వస్తుందిలే’ అనే మాట వదిలెయ్యండి. గోడ కన్నాల్లో గాజుపెంకులు కలిపిన సిమెంటు గట్టిగా కూరండి. ఒట్టి మట్టి, గుడ్డ, చెక్క ముక్క, థర్మోకోలు, ఇవన్నీ దానికి ఒక రాత్రి పని. దాని ముందు పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, కొరక్కపోతే దానికి గడవదు. పైపులు గోడలోకి పోయే చోట చుట్టూ ఉండే సందులో అంట్లు తోమే ఉక్కు పీచు కుక్కమని కొందరు చెబుతారు. మీకు అది వద్దు. గోపాల్‌పూర్ సముద్రం మీకు పదిహేను పదహారు కిలోమీటర్లే, ఆ గాలికి ఉక్కు పీచు తుప్పు పట్టి రాలిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ ముక్క కత్తిరించి పెట్టి మీద సిమెంటు పూయించండి. జాలీ కన్నాలు 6 మిల్లీమీటర్ల కన్నా చిన్నవి ఉండాలి.

బాత్‌రూము తూముకి ఇప్పుడు ఏముంది? ప్లాస్టిక్ మూత అయితే తీసి పారెయ్యండి. స్క్రూలతో బిగించే స్టీలు జాలీ వేయించండి, ఊరికే పైన పెట్టేది వద్దు. పందికొక్కు తలతో ఎత్తేస్తుంది, నేను కళ్ళారా చూశాను. మా పర్లాకిమిడి ఇంట్లో ఒక రాత్రి టంగుమని శబ్దం వచ్చి వెళ్ళి చూస్తే జాలీ పక్కకి పడి ఉంది, ఆ మహానుభావుడు మధ్యలో తల పెట్టి నన్ను చూస్తున్నాడు. సిగ్గులేని చూపు. వీధి వైపు తలుపు కింద వేలు దూరేంత సందు ఉంటే అల్యూమినియం పట్టీ కొట్టించండి. పెంకు, స్లాబు కలిసే చోట తాపీ మేస్త్రీని పిలవక తప్పదు.

ఒక జాగ్రత్త. అన్ని కన్నాలూ ఒకేసారి మూసెయ్యకండి. లోపల ఉన్నవి లోపలే చిక్కుకుపోతాయి. బయటి గోడ, తూము, పైకప్పు ముందు. లోపల వాటిని పట్టడం అయ్యాక, ముగ్గుపిండి మీద వారం పాటు అడుగులు పడకపోతే, అప్పుడు లోపలి కన్నాలు.

ఇక తిండి. అప్పడాల ఇల్లంటే ఎలుకలకి పెళ్ళి భోజనం. మినపపిండి, బియ్యం, నువ్వులు, ఎండబెట్టిన వడియాలు, వేటినీ గోనె సంచుల్లోనూ ప్లాస్టిక్ డబ్బాల్లోనూ పెట్టకండి. మూత బిగించే రేకు డబ్బాలే. పెద్ద బస్తాలుంటే చెక్క పలకల మీద, నేలకీ గోడకీ జానెడు ఎడంగా పెట్టండి. వెనక ఏముందో చీపురు పోనిచ్చి చూసుకునేలా ఉండాలి. గోడకి ఆనించిన బస్తా వెనకే ఎలుక కాపురం పెడుతుంది. కొరికిన ఆ మినపపిండి సంచి మాత్రం, పైపైన తీసేసి మిగతాది వాడకండి. మొత్తం పారెయ్యండి. మీరు అమ్మే సరుకు కదా, ఎలుక మూత్రం ఎంతవరకు ఇంకిందో కంటికి కనిపించదు.

ఇంకో మాట. మీ వైపు ఎండాకాలం వస్తే రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పెట్టడం తెలుగిళ్ళలోనూ ఒడియా ఇళ్ళలోనూ ఉన్నదే. మనం చద్దన్నం అంటాం, వాళ్ళు పఖాళ అంటారు. ఆ గిన్నె మీద పళ్ళెం బోర్లించి ఊరుకుంటే సరిపోదు, పైన రోలో రాయో పెట్టాలి. ఇంటి ఎలుకకి తిండితో పాటు రోజూ నీళ్ళు కావాలి. రాత్రి సింకు పొడిగా తుడిచి, కారే కుళాయి బాగు చేయించి, అంట్లు పొద్దుటికి మిగల్చకుండా ఉంటే సగం ఆకర్షణ పోతుంది. చిట్టెలుక మాత్రం తినే గింజలో ఉన్న తేమతోనే గడుపుకుంటుంది, దానికి ఈ ఎత్తు పనిచెయ్యదు.

పట్టడానికి బోనులే. మీ ఆయన తెప్పించిన మిషను సంగతి మీకే అర్థమైంది. ఆ శబ్దం గోడ దాటదు, బీరువా వెనక్కి పోదు, నాలుగు రోజుల్లో ఎలుక అలవాటు పడుతుంది. అమెరికాలో 2001లోనే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి మిషన్లు చేసేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ, 60 మందికి పైగా, మీరు చెప్పుకునే గొప్పలకి రుజువులుండాలని హెచ్చరికలు పంపింది. మనకి ఆ మిషన్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. పాపం, మీ ఆయన్ని ఏమీ అనకండి, ఏదో చెయ్యాలని చేశారు.

బోను పెట్టడంలో ఓ కిటుకుంది. ఇంటి ఎలుకకి కొత్త వస్తువంటే భయం. నిన్న లేనిది ఇవాళ దారిలో ఉంటే నాలుగైదు రోజులు దాని చుట్టూ తిరిగిపోతుంది. అందుకే చాలామంది ఒక్క బోను తెచ్చి, ఒక రాత్రి పెట్టి, పడలేదని అటకెక్కిస్తారు. మీరు ఐదారు తెచ్చి మూడు నాలుగు రాత్రులు తలుపు కట్టకుండా, తెరిచి ఉంచి, లోపల తిండి మాత్రం పెట్టండి. తిని పోనివ్వండి. అది మన ఇల్లే అనుకున్నాక, ఐదో రాత్రి అన్నీ ఒకేసారి ఎక్కుపెట్టండి. స్ప్రింగు బోనయితే గోడకి అడ్డంగా, తిండి పెట్టే వైపు గోడకి తగిలేలా పెట్టాలి. ఎలుక గోడ వారనే నడుస్తుంది కదా. ఎరగా మీ బరంపురంలో కరువేముంది, కాల్చిన ఎండుచేప ముక్క, అదే సుఖువా, వాసనకి దానికి సాటి లేదు. మీరు తినని ఇల్లయితే మిరపకాయ బజ్జీ ముక్కో, వేయించిన వేరుశెనగ బెల్లంతో నూరిందో పెట్టండి. ఎర చిన్నది చాలు, తీగకి దారంతో కట్టండి, లాక్కుపోనివ్వకుండా. స్ప్రింగు బోనులు మాత్రం పాప వేలు చేరని చోట, రాత్రి పెట్టి పొద్దున్న తీసెయ్యాలి. ఎన్ని పెట్టారో కాగితం మీద రాసుకుని, అన్నీ తీశామా అని లెక్క చూసుకోండి.

జిగురు అట్టలు కొనకండి. ఎలుక అతుక్కుని ఒకటి రెండు రోజులు కొట్టుకుని చస్తుంది, మధ్యలో పిల్ల చుంచులూ బల్లులూ పిచ్చుకలూ కూడా. చూడలేం. కొన్ని రాష్ట్రాలు వాటిని నిషేధించాయి కూడా.

మందు అసలే వద్దా అంటారా? మైనంలా బిళ్ళలుగా వచ్చే మందులున్నాయి, రక్తం గడ్డ కట్టకుండా చేసేవి. తిన్న ఎలుక వెంటనే చావదు, నాలుగైదు రోజులు పడుతుంది. ఆ పేస్టుతో పోలిస్తే వీటికి విరుగుడుంది, కె విటమిను, ఆసుపత్రిలో ఇస్తారు. ఇంటి బయట, పందికొక్కు బొరియల దగ్గర, తాళం పడే డబ్బాలో పెట్టి తెలిసినవాళ్ళు వాడితే పనికొస్తాయి. ఇంటి లోపల, పాకే పాప ఉన్నచోట, పెంకు కప్పు కింద వద్దు. ఎందుకో నాకు జరిగిందే చెబుతాను. ఇన్‌స్పెక్టరునే అయినా, ఊరందరికీ చెప్పేవాణ్ణే అయినా, ఒకసారి విసుగొచ్చి మా అటక మీద నాలుగు బిళ్ళలు పెట్టాను. ఎలుకలు చచ్చాయి. వాటిలో ఒకటి గోడల మధ్య సందులో చచ్చింది. తియ్యడానికి దారి లేదు. వారం పది రోజులు ఆ వాసనలో అన్నం తిన్నాం, చుట్టాలొస్తామంటే వద్దన్నాం. దాని కన్నా బాధ ఇంకోటి. మా ఇంట్లో నల్లది అని ఒక పిల్లి ఉండేది. మత్తుగా నడుస్తున్న ఎలుకని పట్టుకుని తినేసింది. ఐదో రోజు మూతి నుంచి రక్తం కారుతూ మా ఆవిడ చేతుల్లో పోయింది. ఆవిడ నాతో నెల్లాళ్ళు సరిగా మాట్లాడలేదు. నాకేమీ సమాధానం లేకపోయింది.

ఇప్పుడు మీ అత్తగారి మాట. ఆవిడ చెప్పేది కొట్టిపారెయ్యకండి. చవితినాడు కుడుములు పెట్టిన చేత్తో మర్నాడు విషం పెట్టడం ఆవిడకి చేత కాదు, అర్థం చేసుకోవాలి. నేను చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళకి చెప్పింది మీరూ చెప్పండి. అత్తయ్యా, చంపకుండా ఉండాలంటే రానివ్వకుండా చూసుకోవాలి, దానికి మీ సాయం కావాలి అనండి. చద్దన్నం మీద రాయి పెట్టడం, డబ్బాల మూతలు బిగించడం, రాత్రి సింకు తుడవడం ఆవిడ పర్యవేక్షణలో పెట్టండి. ఆవిడ చూస్తే తప్పడం ఉండదు, పెద్దవాళ్ళ కంటికి ఏదీ దాటదు. బోనులో బతికి పడ్డదాన్ని పక్క వీధిలో వదిలేద్దామంటారు, చాలామంది అలాగే చేస్తారు. అది మాత్రం ఒప్పుకోకండి. దగ్గర్లో వదిలితే వెనక్కి వచ్చేస్తుంది, దూరంగా వదిలితే ఇంకొకరి పిండి సంచి మీద పడుతుంది. స్ప్రింగు బోనులో క్షణంలో పోవడం, మందు తిని నాలుగు రోజులు కొట్టుకోవడం కన్నా నయమని నా అభిప్రాయం. మీ ఇంట్లో అది కుదరకపోతే కన్నాలు మూయడం మీదే బలం పెట్టండి, ఆలస్యమవుతుంది గానీ అవుతుంది.

కలరా ఉండలు వద్దు. ఎలుకలు వాటిని లెక్కచెయ్యవు, పాప మాత్రం తెల్లటి ఉండ కనిపిస్తే నోట్లో పెట్టుకుంటుంది. కొందరు పిల్లలకి పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది, వాళ్ళకి కలరా ఉండలతో రక్తకణాలు పగిలి కామెర్లు వస్తాయి. బీరువాలో ఆ ఉండల మధ్య దాచిన బట్టలు పసిపిల్లలకి తొడగకూడదని డాక్టర్లు చెప్పేది అందుకే. పక్కింటావిడకి కూడా ఈ మాట చెప్పండి.

పక్కింటావిడ అన్నాను కదా, ఈ వ్యవహారమంతా అక్కడే తేలాలి. మీది ఉమ్మడి గోడల ఇల్లు. మీరెంత సిమెంటు పూసినా అటువైపు కన్నం తెరిచి ఉంటే ఎలుక చేసేదేమిటి, పగలు అక్కడ పడుకుని పొద్దుపోయాక మీ ఇంటికి భోజనానికి వస్తుంది. ఇంటి ఎలుక మూడు వారాలు మోసి ఈతకి ఆరేడు పిల్లల్ని పెడుతుంది, ఆ పిల్లలు రెండు మూడు నెలలకే ఈడుకొస్తాయి. మీరు ఈ నెల, ఆవిడ వచ్చే నెల, ఎదురింటివాళ్ళు దసరాకి అనుకుంటే ఎప్పటికీ అయ్యే పని కాదు. నేను ఉద్యోగంలో ఉండగా ఒకే ఒక్క చోట పని పూర్తిగా అయింది. ఒక బారు ఇళ్ళవాళ్ళు, తొమ్మిది వాకిళ్ళు, ఒక ఆదివారం అందరూ కలిసి తూములకి జాలీలు వేయించుకున్నారు, ఒకే మేస్త్రీని మాట్లాడుకున్నారు, ఒకే వారం బోనులు పెట్టారు. అందులో తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ సగం సగం. 1936లో మద్రాసు నుంచి విడదీసి గంజాంని ఒడిశాలో కలిపినప్పుడు మనుషులకి గీత గీశారు గానీ ఎలుకలకి గియ్యలేదు. తెలుగింట్లో తిని ఒడియా ఇంట్లో పడుకుంటాయి. మీ వీధిలో ముందు మాట ఎత్తేది మీరే కండి. అప్పడాలు రెండు కట్టలు పట్టుకెళ్తే మాట తేలిగ్గా కలుస్తుంది. వీధి కాలవ మీద పలకలు విరిగి ఉంటే నలుగురూ సంతకాలు పెట్టి కార్పొరేషన్‌కి రాయండి, ఒక్కరు రాసిన కాగితం కన్నా నలుగురిది ముందు కదులుతుంది.

జబ్బుల గురించి భయపెట్టడం నాకిష్టం లేదు, తెలియాల్సింది మాత్రం చెబుతాను. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళు కాలి పుండుకో పగులుకో తగిలితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. మీ వైపు తుపాన్లు తప్పవు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస దగ్గర. అలాంటప్పుడు బొరియల్లోకి నీళ్ళు దూరి పందికొక్కులు ఇళ్ళ మీద పడతాయి. 1999 సూపర్ సైక్లోన్ తర్వాత ఒడిశాలో ఈ జ్వరం బయటపడింది. వరద నీళ్ళలో తిరగాల్సి వస్తే బూట్లు వేసుకోండి. తర్వాత జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం ఉంటే డాక్టరుకి నీళ్ళలో తిరిగామని తప్పక చెప్పండి. మందులున్నాయి, తొందరగా మొదలుపెట్టడమే కావాలి.

పెంటికలు ఊడ్చేటప్పుడు పొడి చీపురు వాడకండి, దుమ్ము లేస్తుంది. బ్లీచింగ్ పౌడర్ నీళ్ళు చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి, చేతికి తొడుగు వేసుకుని గుడ్డతో తీసి, గుడ్డ పారెయ్యండి. చచ్చిన ఎలుకని కూడా అంతే, ఒట్టి చేత్తో తోక పట్టుకోవద్దు. పాప పడుకునే ముందు మూతీ చేతులూ తడిగుడ్డతో తుడవండి. పాల వాసనకి ఎలుక వచ్చి నిద్రలో పసివాళ్ళ వేళ్ళు కొరకడం ఉంది. దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. ఎప్పుడైనా కొరికితే కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఏ సూది అవసరమో డాక్టరు చూసుకుంటారు.

ఇక మీ పెళ్ళి చీర. ఉత్తరంలో ఒక్క ముక్కలో రాశారు గానీ మనసు దాని దగ్గరే ఉందని తెలుస్తోంది. ఎలుక పట్టుని తిందామని కొరకలేదు. గూడు కట్టుకోడానికి మెత్తటి దారాలు కావాలి, అందుకు పీకింది. అంటే బహుశా ఆడ ఎలుక, పిల్లలు పెట్టబోతోంది, లేదా పెట్టేసింది. మీ చీర రంగు దారాలు ఇంట్లో ఎక్కడో గుండ్రంగా చుట్టి ఉన్నాయి. బీరువా వెనక, పాత పరుపు మడతలో, పెంకు కింద దూలం మీద, కుట్టుమిషను డబ్బాలో, ఫ్రిజ్ వెనక వెచ్చగా ఉండే మోటారు దగ్గర, పగటి పూట టార్చి వేసి వెతకండి. ఆ దారాలు దొరికిన చోటే మొదటి రెండు బోనులూ పెట్టండి. చీరని ఉతకకుండా, చిల్లుల అంచులు కత్తిరించకుండా, ఉన్నదున్నట్టు మడిచి రఫూ చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. మీరు పట్టు నేసేవాళ్ళ ఊళ్ళోనే ఉన్నారు, అదే రంగు పోగు వాళ్ళ దగ్గర దొరుకుతుంది. ఇంటికి తెచ్చాక మాత్రం కింది అరలో కాదు, పై అరలో, మూత ఉన్న రేకు పెట్టెలో.